పెసరగింజంత ముఖం

సర్వేశ్వరరావు తీసే ఫోటోల్లో మనుషులు చిన్నగా పడతారని అరకులో అందరికీ తెలుసు. హాస్టలు పిల్లవాణ్ణి తీస్తే ముఖం కన్నా వెనకాల గోడే ఎక్కువ కనిపించేది. కొత్త జంటను తీస్తే ఇద్దరూ ఎక్కడో పొలం గట్టు మీద నిలబడ్డట్టుండేది. "మా గోడ బాగా పడింది గానీ, మేమేరీ బాబూ?" అని రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు.

కాస్త దగ్గరికెళ్ళి తీయొచ్చు కదా అని భార్య సత్యకుమారి చాలాసార్లు అడిగింది. వెళ్ళేవాడే. కెమెరాకి కన్ను ఆనించి ఒక అడుగు ముందుకు వేసేవాడు. వేసిన మరుక్షణం ఎదుటి మనిషి ఒక అడుగు వెనక్కి జరిగినట్టు కనిపించేది. తలెత్తి చూస్తే ఆ మనిషి స్టూలు మీద కదలకుండా కూర్చునే ఉండేవాడు. మళ్ళీ కన్ను పెట్టి ముందుకు కదిలితే మళ్ళీ వెనక్కే. ఇక ఉన్నచోటి నుంచే నొక్కేసేవాడు.

మొదటి నుంచీ ఇలాంటివాడు కాదు. ఊరు శృంగవరపుకోట. విశాఖపట్నంలో కృష్ణమూర్తి గారి స్టూడియోలో ఆరేళ్ళు పని నేర్చుకుని, కిరండోల్ రైలు తిరగడం మొదలైన కొత్తలో కొండెక్కి, బజారు వీధిలో రేకుల గది ఒకటి తీసుకున్నాడు. "ముఖం తియ్యాలంటే ఎదుటివాడి ఊపిరి నీకు తగలాలిరా" అనేవారు కృష్ణమూర్తి గారు. ఆ మాట పట్టుకుని సంతలన్నీ తిరిగేవాడు. అడ్డాకుల మోపు దించుకుని చెమట తుడుచుకుంటున్న ముసలమ్మకు జానెడు దూరంలోకి వెళ్ళి తీసేవాడు. ఆ రోజుల్లో అతని ఫోటోల్లో కనురెప్పలు లెక్కపెట్టొచ్చనేవారు.

పంతొమ్మిది వందల డెబ్బై చైత్రంలో కరకగుడ అనే ఊళ్ళో ఇటుకల పండగకు, అదే కొండవాళ్ళ వేట పండగకు వెళ్ళాడు. ఎవరో ఆఫీసరు క్యాలెండరు కోసం థింసా ఆట ఫోటోలు కావాలన్నాడు. మగవాళ్ళు వేటకు పోయారు. ఊరి నడిబొడ్డున ఆడపిల్లలు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని ఆడుతున్నారు. అప్పటి అతని కెమెరా మెడకు వేలాడేసుకుని, తల వంచి పైనున్న అద్దంలోకి చూసుకునే రకం. అందులో బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. ముఖం పెద్దగా కావాలంటే మనమే నడిచి దగ్గరికి పోవాలి, వేరే దారి లేదు.

తొమ్మిదిమంది వరసను ముందు ఒక ఫోటో తీశాడు. కాసేపటికి డప్పు ఆగింది. వరసలోంచి ఒక పిల్ల విడిపోయి పారే గెడ్డ పక్కన ఎత్తు బండ మీదకెళ్ళి గాలికి నిలబడింది. పదహారేళ్ళుంటాయి. పేరు నీలవేణి అని తర్వాత తెలిసింది. వెనక నీటి మీది వెలుతురు జుట్టు చుట్టూ పడుతోంది. సర్వేశ్వరరావు తల వంచి అద్దంలోకి చూస్తూ ఒక అడుగు వేశాడు. పిల్ల నవ్వి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ అతను మరో అడుగు వేశాడు. పిల్ల ఇంకా నవ్వుతూ ఇంకో అడుగు జరిగింది. మూడో అడుగు అతను వేశాడు. ఆమె కూడా వేసింది. అద్దంలో ఉన్నట్టుండి వట్టి ఆకాశం మిగిలింది.

రెండు నిలువుల లోతు ఉంటుందంతే. కానీ కింద రాళ్ళున్నాయి. మెడలో కెమెరాతోనే అతను గెడ్డలోకి దూకాడు. అందరూ కలిసి ఆ పిల్లను డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కణ్ణుంచి జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజున పోయింది.

నాచు మీద కాలు జారిందన్నారు. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. వేట నుంచి పరుగెత్తుకొచ్చిన తండ్రి బుధు, తడిసి వణుకుతున్న అతనికి తన దుప్పటి తీసి కప్పాడు. "నా గుంట కోసం, నా బిడ్డ కోసం నీళ్ళలోకి దూకినావు బాబూ. నీకు పున్నెం" అన్నాడు. తిట్టినా కొట్టినా కొన్నాళ్ళకు మరిచిపోయేవాడేమో. ఆ మాట మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది.

కెమెరాలో నీళ్ళు పోయి రీలంతా పాడైంది. ఒక్కటి మిగిలింది, తొమ్మిదిమంది వరస. దాన్ని ఫిలిమంత సైజులోనే, అగ్గిపెట్టెంత కాగితం మీద అచ్చు వేసి దినాలకు పట్టుకెళ్ళాడు. తల్లి చిన్నమ్మి దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇందులో నా గుంట ఏదీ బాబూ?" అంది. అందరివీ ఒకే రంగు కోకలు, ఒకే రకం కొప్పులు, కొప్పుల్లో ఒకే పువ్వులు. ముఖాలు పెసరగింజంత ఉన్నాయి. అక్కడ నిలబడలేక, బేగి వచ్చేద్దామన్న తొందరలో అతను చివరి నుంచి రెండో పిల్ల మీద వేలు పెట్టాడు. "ఇదేనమ్మా."

ఆ తర్వాత నుంచే అతను దగ్గరికి వెళ్ళలేకపోవడం. నెగెటివును రేకు డబ్బాలో పెట్టి చెమ్మ గోడ పక్కనే వదిలేశాడు. కావాలని వదిలాడో, మరిచిపోయి వదిలాడో అతనికే తెలియదు. రెండు వానాకాలాలు గడిచేసరికి బూజు దాన్ని తినేసింది. కళ్ళు మూసుకున్నా తెరిచినా మాత్రం అచ్చులో తాను వేలు పెట్టి చూపించిన ఆ చిన్న ముఖమే కనిపించేది. గుండ్రటి బుగ్గలు, కాస్త వంచిన మెడ. ఆ ముఖమే ప్రతి గిరాకీ ముఖం వెనకాలా ఒకడుగు వెనక్కి జరిగేది.

ఆరేళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం సంతరోజు చిన్నమ్మి చిక్కుడు గింజల గంపతో స్టూడియో గుమ్మంలోకి వచ్చింది. కొంగులోంచి వెదురు గొట్టం తీసి, అందులో చుట్టి దాచిన అచ్చును బల్ల మీద పరిచింది. పొగకు అది తేనె రంగులోకి తిరిగింది.

"దీన్ని పెద్దది సెయ్యి బాబూ."

"ఏటమ్మా, ఇన్నాళ్ళకి?"

"మరుపొచ్చేత్తంది. ముందు దాని గొంతు మరిసిపోనాను. ఇప్పుడు మొకం. పొయ్యి కాడ కూకుని తలుసుకుంటే సగమే వత్తంది. నా కళ్ళకి ఇది ఆనట్లేదు."

అతను అప్పటికి లెన్సు మార్చుకునే జపాను కెమెరా ఒకటి సెకండ్‌హాండులో కొన్నాడు గానీ, దాని లెన్సు మూరెడు కన్నా దగ్గరి వస్తువును చూడలేదు. ఇంత చిన్న కాగితాన్ని దానితో తీస్తే వరసంతా చీమల బారులా పడుతుంది. ఆ మాటే చెప్పాడు.

"అయితే నీ కాడే ఉంచు. ఎప్పుడవుతాదో అప్పుడే సెయ్యి" అని ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ అచ్చును ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. పంచాంగం పేజీల మధ్య పెట్టాడు. తీశాడు. పెట్టెలో బట్టల కింద పెట్టాడు. అక్కణ్ణుంచీ తీసి మళ్ళీ పంచాంగంలోకే చేర్చాడు. ప్రతి శుక్రవారం చిన్నమ్మి గుమ్మంలో నిలబడి, ఏమీ అడక్కుండా ఒకసారి చూసి వెళ్ళేది.

ఆ కార్తీకంలో కృష్ణమూర్తి గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కళ్ళలో శుక్లాలు ముదిరాయని, స్టూడియో మూసేశానని రాశారు. తన దగ్గర రెండు మంచి లెన్సులు ఉండిపోయాయని, ఒకటి సర్వేశ్వరరావుకు, ఒకటి తన మేనల్లుడు కొండబాబుకు ఇవ్వదలచుకున్నానని, పెద్ద శిష్యుడు గనక ముందు వచ్చి ఎంచుకోమని రాశారు.

సత్యకుమారి ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. "ఒకటి దూరం నుంచి ముఖాలు తీసేదట కదా. మరింకేటి ఆలోచన? నువ్వు ఉన్నచోటే ఉండి తీసుకోవచ్చు. ఇంక ఎవులూ నవ్వరు."

రైలు దిగి వెళ్ళేసరికి కృష్ణమూర్తి గారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. తువ్వాలు మీద రెండు లెన్సులూ పక్కపక్కనే పెట్టించారు. చేత్తో తడిమి పొడుగుదాన్ని ఇతనివైపు జరిపారు.

"ఇది మనుషులకి. పది అడుగుల అవతల నిలబడు, గుమ్మడిపండంత ముఖం వస్తుంది. ఆ పొట్టిది పురుగులకి, పువ్వులకి. చీమ కాళ్ళు కూడా కనిపిస్తాయి. నీ సంగతి నాకు తెలిసిందిలే. ఎందుకని అడగను. ఇది తీసుకెళ్ళు."

సర్వేశ్వరరావు పొడుగు లెన్సును తన కెమెరాకు తగిలించుకుని వరండా ఆ చివరకు వెళ్ళి చూశాడు. అంత దూరం నుంచి గురువుగారి ముఖం నిండుగా వచ్చింది. కళ్ళలోని తెల్లటి పొర, నెరిసి మాసిన గడ్డం, అన్నీ. ఎవరూ వెనక్కి జరగలేదు. ఆరేళ్ళలో ఒక ముఖాన్ని అంత నిండుగా చూడడం అదే మొదలు. కెమెరా దించబుద్ధి కాలేదు. బతుకు చక్కబడుతుందనిపించింది.

"బాగుందా?" అన్నారు కృష్ణమూర్తి గారు.

"చాలా బాగుందండీ."

"మరి విప్పకు. ఉంచేసుకో."

విప్పాడు. ఎందుకు విప్పాడో అప్పుడు చెప్పమంటే చెప్పలేడు. పొట్టి లెన్సు తగిలించాడు. చేతిసంచిలోంచి పంచాంగం తీసి, దాని మధ్యలోని అచ్చును వరండా అరుగు మీద ఎండలో పెట్టి, దాని మీదకు వంగాడు. మొదట అంతా పొగ. రింగు తిప్పుతూ ఇంకా కిందికి వంగాడు. తొమ్మిదిమంది కనిపించారు. ఇంకా వంగాడు. ఐదుగురు. ముగ్గురు. తాను ముందుకు వెళ్ళేకొద్దీ వాళ్ళు కదలకుండా, పెద్దవాళ్ళవుతూ తనకేసి వస్తున్నారు. వీపు మీద నీళ్ళు పోసినట్టయింది. చటుక్కున తల ఎత్తేశాడు.

"నాకు పురుగులది ఇప్పించండి" అన్నాడు.

కృష్ణమూర్తి గారు చూపు లేని కళ్ళను అతనివైపు తిప్పారు. "అరకులో పురుగులెవరు తీయించుకుంటార్రా?"

"ఒకావిడ ఉన్నారండీ."

ఆయన సూటిగా పడని ఎండలో తియ్యమని, అచ్చు వంగిపోకుండా గాజుపలక బరువు పెట్టమని, చుక్కలు తక్కువ పడే స్లో ఫిలిం వాడమని చెప్పి పంపేశారు. పొడుగు లెన్సు కొండబాబుకు వెళ్ళింది. దానితో అతను తర్వాత పెళ్ళి ఫోటోలకు మంచి పేరు తెచ్చుకున్నాడు.

సత్యకుమారి రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున్న సర్వేశ్వరరావు వెనక వరండాలో పీట మీద అచ్చు పెట్టి, పైన గాజుపలక వేసి, కెమెరాను స్టాండుకు కిందికి చూసేలా బిగించాడు. చివరి నుంచి రెండో పిల్ల దగ్గరికి దించాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. తర్వాత ఆ పక్కా ఈ పక్కా జరుపుతూ వరసంతా తీశాడు. డార్క్‌రూములో ఎర్రబల్బు కింద, మందు నీళ్ళలో కాగితం మీద ఆ ముఖం మెల్లగా పైకి తేలింది. చుక్కలు చుక్కలుగా ఉంది గానీ ముఖమే. గుండ్రటి బుగ్గలు, కొద్దిగా తెరిచిన నోరు. ఆరేళ్ళుగా తనను వెన్నాడినదాన్ని చేతుల్లోకి తీసుకుని కడిగాడు.

శుక్రవారం చిన్నమ్మి వచ్చింది. పోస్టుకార్డంత చేసిన ఫోటోను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మం వెలుతురుకు తిప్పి, దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఇది నా గుంట కాదు బాబూ."

"ఏటమ్మా?"

"ఇది రత్న. మా పక్కింటోళ్ళ గుంట. పాడేరు అవతలకి మనువిచ్చినారు. ఇద్దరు పిల్లలు." ఆమె ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది. "ఆరేళ్ళ కాడి నుంచీ దీనికేనా నాను పువ్వెట్టినాను? బతికున్న గుంటకి?"

అతను లోపలికెళ్ళి మిగతా ఫోటోలన్నీ తెచ్చి ఒకటొకటే చూపించాడు. ఎనిమిది ముఖాలను ఆమె పేరు పేరునా చెప్పింది. చిట్టచివరి పిల్ల ఆడుతూ ఆడుతూ పూర్తిగా అవతలికి తిరిగిపోయింది. కొప్పు, వీపు, రత్న నడుం మీదకు వచ్చిన ఒక చెయ్యి తప్ప ఆమెది మరేమీ పడలేదు. ఆ చేతి మణికట్టుకు తెల్లగా ఏదో చుట్టి ఉంది.

చిన్నమ్మి వేలు అక్కడ ఆగింది.

"పండగనాడు పొద్దున్న అంబలి కుండ దించుతుంటే సెయ్యి కాలింది దానికి. ఆడనివ్వవా అమ్మా అని ఏడ్సింది. నా కోక సెంగు సింపి నానే కట్టినాను." ఫోటోను వెలుతురుకు తిప్పింది. "ఇదే నా గుంట. ఈ సెయ్యే."

ఏడవలేదు. వేలితో ఆ కట్టును అలా రాస్తూనే ఉంది. కొంతసేపటికి, "నువ్వే కద బాబూ సెప్పినావు, ఇదేనమ్మా అని" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు, అడిగిందంతే.

అప్పుడు చెప్పేశాడు. పిల్ల కాలు దానంతట అది జారలేదని, తాను ముందుకు వేసిన అడుగుకల్లా అది వెనక్కి వేసిందని, బండ అంచు తన అద్దంలో కనపడలేదని, తల ఎత్తి చూడలేదని, అంతా చెప్పాడు.

"ఎన్నడుగులు?"

"మూడు."

"నవ్విందా?"

"రెండడుగులు నవ్వింది. మూడోది నాకు తెలీదమ్మా. నేను అద్దంలో చూస్తున్నాను. దాని ముఖం నేను సరిగ్గా చూడనే లేదు."

చిన్నమ్మి ఫోటోలన్నీ పోగు చేసి, చెయ్యి ఉన్నది ఒక్కటే గొట్టంలో పెట్టుకుంది. "నాకు సెప్పినావు. ఊళ్ళోకొచ్చి దాని అయ్యకి కూడా సెప్పు" అని లేచిపోయింది.

మర్నాడే వెళ్ళాడు. బుధు ఇంటి ముందు కూర్చుని వెదురు తట్ట అల్లుతున్నాడు. సర్వేశ్వరరావు నిలబడే మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ బుధు చేతులు ఆగలేదు. చెప్పడం అయ్యాక ఆగాయి.

"ఆ దినం నీకు పున్నెం అన్నాను."

"అవును."

"ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను" అన్నాడు బుధు. మళ్ళీ వెదురు బద్ద అందుకున్నాడు. "ఇంక ఎల్లు."

కొండ దిగుతుంటే బరువు తగ్గుతుందనుకున్నాడు. కొంత తగ్గింది కూడా. కానీ ఆ రాత్రి నుంచి ఇంకో సంగతి మొదలైంది. ఇన్నేళ్ళూ తనను వెన్నాడిన ముఖం రత్నది. ఆవిడ ఎక్కడో పాడేరు అవతల పిల్లలకు అంబలి పోస్తోంది. నీలవేణి ముఖం ఎలా ఉండేదో తలుచుకుందామంటే అతని దగ్గర ఏమీ లేదు. కెమెరాలో ఎదుటి మనిషి వెనక్కి జరగడం ఆగలేదు. జరిగేదానికి ముఖం మాత్రం లేదు. బుగ్గలుండవు, కళ్ళుండవు. ఒట్టి కొప్పు, మణికట్టుకు తెల్లటి గుడ్డ. ముఖం ఉన్నప్పుడే నయమనిపించేది.

సత్యకుమారికి అన్నీ చెప్పాడు. ఆమె "నువ్వు కదలకు. వాళ్ళనే రానీ" అంది. అది మంచి మాటే. కెమెరాను స్టాండుకు బిగించి, వెనకాల స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. "ఎంత దగ్గరికి రావాలనిపిస్తే అంత దగ్గరికి రండి" అనేవాడు. కొందరు గోడ దగ్గరే ఉండిపోయేవారు. కొందరు నవ్వుతూ ముందుకొచ్చి, లెన్సులో తమ నీడ చూసుకునేవారు. మెల్లగా ఫోటోల్లో ముఖాలు పెద్దవయ్యాయి. ఊళ్ళో నవ్వడం మానేశారు. కాఫీ తోటల వాళ్ళు ఆకు తెగులు ఫోటోల కోసం వెతుక్కుంటూ రావడంతో పురుగుల లెన్సుకూ పని దొరికింది. కరకగుడ వైపు మాత్రం అతన్ని ఏ పండక్కీ ఎవరూ పిలవలేదు.

చిన్నమ్మి రెండేళ్ళకోసారి వచ్చేది. పొయ్యి పొగకు, వానచెమ్మకు ఫోటో పాడైపోయేది. పాతది ఇచ్చి కొత్తది తీసుకునేది. పెద్దగా మాటలుండేవి కావు. బుధు పోయిన సంగతి కూడా ఆమె అలా ఫోటో కోసం వచ్చినప్పుడే చెప్పింది.

ఎనభై నాలుగులో వచ్చినప్పుడు ఆమె కళ్ళు బాగా మందగించాయి. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఈపాలి ఇంకా పెద్దది సెయ్యి బాబూ."

"ఇంతకన్నా పెద్దది చేస్తే చెయ్యిలా ఉండదమ్మా. చుక్కలే మిగుల్తాయి."

"సుక్కలైనా సెయ్యి."

చేశాడు. పెద్ద కాగితం తీసి, మణికట్టు దగ్గరి కట్టు ఒక్కటే నిండేటట్టు వేశాడు. మందు నీళ్ళలో తేలింది చూస్తే అతనికి నల్లటి, తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. ఆరబెట్టి తెచ్చి ఇచ్చాడు. చిన్నమ్మి దాన్ని ముఖానికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, అంచు నుంచి అంచుకు మెల్లగా జరుపుకుంటూ చూసింది.

"అదిగో, ముడి" అంది మనవరాలితో. "గట్టిగా కట్టీసినానేమో. నొప్పెట్టుంటాది."

బయట జీపువాడు బేగి రమ్మని హారను కొడుతున్నాడు. మనవరాలు కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుంది. ఇద్దరూ వానలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళి జీపెక్కారు.